కర్కదే, హమైకా, సోరెల్: పరాయి దేశంలో తాగే ఆ ఎర్ర షర్బత్ మన పుంటికూరదేనా?

సౌదీ, కువైట్ దిక్కు పనికి పోయిన మన పాలమూరు, నల్గొండ పోరగాళ్ళు కొన్నాళ్ళకు ఒక ఎర్రటి పుల్లటి షర్బత్‌కు అలవాటు పడతరు. సుడానీ హోటళ్ళలో, ఈజిప్టోళ్ళ దుకాణాల్లో, రంజాన్ నెలలో ఇఫ్తార్ దగ్గర జగ్గులకు జగ్గులు పెడతరు, పేరు కర్కదే. డల్లాస్‌లో ఎంఎస్ చదివే పిల్లలు దాన్నే మెక్సికన్ హోటల్లో 'ఆగ్వా దె హమైకా' అని తాగుతరు, లండన్‌లో ఉండేటోళ్ళు డిసెంబర్‌లో జమైకా దోస్తుల ఇండ్లల్లో 'సోరెల్' అని తాగుతరు. మస్తుందే అనుకుని సెలవుకు వచ్చేటప్పుడు ఎండిన ఎర్ర పువ్వుల ప్యాకెట్ ఒకటి సూట్‌కేసులో పెట్టుకొస్తరు.

ఇగ లొల్లి అక్కడ మొదలైతది. అమ్మ చూసి మందారాలు ఎండబెట్టిండ్రా ఏంది అంటది, పెదనాయిన ఒక రేక నోట్లో వేసుకుని ఇది పుంటికూర పులుపు గదరా అంటడు, చెల్లె ఫోన్ తీసి 'ఈ టీ తాగితే బీపీ గోలీలు బంద్' అనే వీడియో చూపిస్తది, ఇంకెవరో టీ అనొద్దని గవర్నమెంట్ చెప్పింది గదా అంటరు. నేనుండే జెడ్డాలో కూడా మనోళ్ళ రూముల్లో ఇదే పంచాయితీ. నిజానికి ఇందులో నాలుగు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నయి: అది ఏ చెట్టు, ఎట్ల చేస్తరు, అది మందా కాదా, దాన్ని ఏమని అమ్మాలె. ఒక్కోదాన్ని విడిగా చూస్తే చిక్కు చాలావరకు విడిపోతది.

చెట్టు పుంటికూర జాతిదే, నానబెట్టేది మాత్రం పువ్వు రేకులు కాదు

పెదనాయిన చెప్పిందే కరెక్టు. కర్కదే అయ్యే చెట్టు శాస్త్రం పేరు హైబిస్కస్ సబ్డారిఫా, ఇంగ్లీషులో రోజెల్ అంటరు. మనం పప్పులో వేసే, బోటిలో వేసే, తొక్కు నూరే పుంటికూర, అంటే గోంగూర, కూడా ఇదే జాతి. పత్తి, బెండ, మందారం, గోగు, ఇవన్నీ మాల్వేసీ అనే ఒకే కుటుంబంలోవి, అందుకే బెండపువ్వు, పత్తిపువ్వు, పుంటిపువ్వు పక్కపక్కన పెడితే అన్నదమ్ముల లెక్క కనబడతయి.

పుంటి చెట్టు పువ్వు లేత పసుపు రంగులో ఉంటది, మధ్యలో ముదురు ఎరుపు మచ్చ. ఒక్క రోజు నిలుస్తది, వాడిపోయి రాలుతది. రాలినంక దాని కింద ఉన్న కప్పు, స్కూల్ పుస్తకంలో రక్షక పత్రావళి అని చదువుకున్నదే, అది ఉబ్బి కండ పట్టి ఎర్రగా అయితది, లోపల గింజల కాయ పెరుగుతది. ఆ కాయను తీసేసి పైన ఉన్న ఎర్ర కండను ఒలిచి ఎండబెడితే ప్యాకెట్లో వచ్చే 'పువ్వు' తయారు. అంటే అది రేకులు కాదు, రేకులు రాలిపోయినంక మిగిలిన కప్పు. మన ఊర్లల్లో కూడా దీన్ని పారేయరు, పుంటిపువ్వు అనో పుంటికాయ అనో పచ్చిమిరపకాయ వేసి తొక్కు నూరుతరు. మనం నూరినం, వాళ్ళు నానబెట్టిండ్రు, అంతే తేడా.

మరి ఊరి చెట్టు కప్పులు ఎండబెడితే కర్కదే వస్తదా అంటే, కొంత వస్తది, కానీ అదే రంగు అదే చిక్కదనం రావాలని లేదు. ఈ జాతిలోనే రెండు రకాలు ఉన్నయి. ఒకటి పొట్టిగా గుబురుగా పెరిగి కప్పు కండ పట్టేది, షర్బత్‌కు ఇదే. ఇంకోటి నార కోసం సన్నగా పొడుగ్గా ఎదిగేది, దాని కప్పు పలుచగా ఉంటది, ఉత్తరాంధ్రలో జనపనార మిల్లుల కోసం మెస్తా పేరుతో పండించిండ్రు చూడు, ఆ తీరుది. మనం ఆకు కోసం వేసే వాటిలో ఎర్ర కాడది ఉంటది, తెల్ల కాడది ఉంటది, తెల్లదాని కప్పు చాలాసార్లు పచ్చగానే ఉండిపోతది, నానబెడితే పులుపు దిగుతది గాని రంగు దిగదు. ఇక గోగు, అంటే తాళ్ళు పేనే నార వచ్చేది, అది దగ్గరి చుట్టమే గాని వేరే జాతి, దాని కప్పు మీద నూగు ఉంటది, కండ ఉండదు, షర్బత్‌కు పనికిరాదు.

మందారం టీ అని అమ్మేది వేరే

యూట్యూబ్‌లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. ఇంగ్లీషులో రెండింటినీ హైబిస్కస్ అనే అంటరు కాబట్టి రోజెల్ గురించి వచ్చిన ముచ్చటంతా తీసుకొచ్చి పెరట్లో మందారానికి తగిలిస్తరు. మందారం హైబిస్కస్ రోజా-సైనెన్సిస్, దాంట్లో వాడేది నిజంగనే రేకులు, తలకు నూనెలో కాచేది, దేవుడికి పెట్టేది ఇదే. దాన్ని కూడా వేడి నీళ్ళల్లో వేసి తాగొచ్చు, కొంతమంది తాగుతరు, తప్పేం లేదు, కానీ రోజెల్ మీద చేసిన పరీక్షల ఫలితం దీనికి అంటగట్టడం కుదరదు.

తేడా ఇంట్లోనే తెలుస్తది. ఏడో తరగతి సైన్సులో మందార పూల సూచిక గుర్తుందా, నిమ్మరసం వేస్తే ముదురు గులాబీ, సబ్బు నీళ్ళు వేస్తే ఆకుపచ్చ? ఎర్ర మందార రేకులు నానబెట్టిన నీళ్ళు మామూలుగా ఊదా రంగులో ఉంటయి, కొంచెం జిగురు కూడా ఉంటది, నిమ్మకాయ పిండితేనే ఎర్రబడతయి. రోజెల్ నీళ్ళు నిమ్మకాయ అవసరం లేకుండానే ఎర్రగా ఉంటయి, ఎందుకంటే పులుపు దాంట్లోనే ఉంది. గ్లాసు నోట్లో పెట్టుకుంటే పుల్లగా లేకపోతే అది కర్కదే కాదు.

ఒకే కప్పు, దేశానికో తీరు

ఈ చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. అక్కడి నుంచి ఒక దిక్కు మన దేశానికి, బర్మాకు, థాయ్‌లాండ్‌కు వచ్చింది, ఇంకో దిక్కు బానిసల వ్యాపారం నడిచిన రోజుల్లో అట్లాంటిక్ దాటి కరేబియన్ దీవులకు, మెక్సికోకు పోయింది. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలె. జొన్న కూడా ఆఫ్రికాదే, సుడాన్ దిక్కు వేల ఏండ్ల కింద సాగులోకి వచ్చిందే. అంటే పాలమూరు ఇంట్లో జొన్నరొట్టె మీద పుంటికూర పెట్టుకుని తింటే, అచ్చంగా మనదే అనుకునే ఆ కంచంలో రెండూ అక్కడి నుంచి వచ్చినయే. సుడానీలు ఇప్పటికీ జొన్నపిండి పులియబెట్టి కిస్రా అనే పలుచటి రొట్టె పోస్తరు, రంజాన్‌లో జొన్న మొలకలతో హిలూ-ముర్ అని ఇంకో షర్బత్ చేస్తరు, పక్కన కర్కదే ఉండనే ఉంటది. మా సుడానీ దోస్తుకు జొన్నరొట్టె గురించి చెప్తే వాడికి వింతేం అనిపించలేదు, వింత అనిపించింది నాకే.

సుడాన్‌లో ఎక్కువగా చల్లటి నీళ్ళల్లో గంటల తరబడి నానబెడతరు, పొయ్యి మీద పెట్టరు. అట్ల చేస్తే రంగు నెమ్మదిగా దిగుతది, వగరు తక్కువగా ఉంటది. ఈజిప్టులో రెండు తీర్లు ఉన్నయి, చలికాలం వేడిగా, ఎండాకాలం చల్లగా. దక్షిణాన అస్వాన్ కర్కదేకు పేరు, పెండ్లిళ్ళల్లో చుట్టాలకు ఇచ్చే షర్బతుల్లో ఇదొకటి. సెనెగల్‌లో బిస్సాప్ అంటరు, పుదీన వేస్తరు, చక్కెర దండిగా పోస్తరు. నైజీరియాలో జోబో, ఘనాలో సోబోలో, వీళ్ళు అల్లం, లవంగం వేసి మరిగిస్తరు, అనాసపండు తొక్కలు కూడా వేసేటోళ్ళు ఉన్నరు, మనలాంటి నాలుకకు ఇదే ముందు ఎక్కుతది. జమైకాలో సోరెల్, అల్లం ఘాటు, కొంచెం రమ్ము, క్రిస్మస్‌కు అది లేకపోతే పండుగ కానట్టే. మెక్సికోలో హమైకా, పెద్ద గాజు కూజాలో పోసి భోజనంతో పాటు అమ్ముతరు, నానిన కప్పులను పారేయకుండా ఉల్లిగడ్డ వేసి వేయించి టాకోలో పెట్టుకునే అలవాటు కూడా ఉంది.

ఆకు తినేది మనమొక్కరమే అనుకుంటం గాని అదీ కాదు. ఉత్తర నైజీరియాలో హౌసా వాళ్ళు యాకువా పేరుతో ఈ ఆకును పల్లీల పొడితో కలిపి తింటరు, బర్మా వాళ్ళు చిన్ బౌంగ్ పేరుతో రొయ్యలు వేసి వేయిస్తరు, మన నారాయణపేట అవతల గుల్బర్గా, రాయచూరు దిక్కు పుండిపల్య అని జొన్నరొట్టెతోనే తింటరు. అటు కప్పు తాగే దేశాలు, ఇటు ఆకు తినే దేశాలు అని గీత గీస్తే పశ్చిమ ఆఫ్రికా రెండు దిక్కులా పడతది.

జమైకాలో సోరెల్ క్రిస్మస్‌కే ఎందుకు వస్తది అంటే, ఈ చెట్టు పగటి పొద్దు తగ్గితే గాని పువ్వు పెట్టదు. జూన్‌లో వేసినా, జులైలో వేసినా ఆకే వేసుకుంటూ పోతది, అక్టోబర్ వచ్చి పొద్దు చిన్నగైతే అప్పుడు మొగ్గ తొడుగుతది, డిసెంబర్ కల్లా కప్పులు కోతకు వస్తయి. మన దగ్గర కూడా పుంటికాయల తొక్కు సంక్రాంతికి అటూ ఇటూ చేసేది అందుకే. మ్యాపు తీసి చూడండి, మహబూబ్‌నగర్, నల్గొండ భూమధ్యరేఖకు పైన 17 డిగ్రీల దగ్గర ఉన్నయి, మెక్సికోలో హమైకా పండే గెరెరో రాష్ట్రం కూడా దాదాపు అదే గీత మీద, జమైకా 18 దగ్గర, ఖార్టూమ్ 15 దాటి. పొద్దు లెక్క అందరికీ ఒకటే.

రంగు ఎందుకు మారుతది, మన బోరు నీళ్ళు ఏం చేస్తయి

ఆ ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగు పదార్థాలది. ఇవి పులుపులో ఎర్రగా, పులుపు తగ్గితే ఊదాగా, తినేసోడా లాంటిది కలిస్తే నీలం, ఆకుపచ్చ దిక్కు పోతయి. కర్కదే పులుపు ఎంత అంటే పీహెచ్ లెక్కలో 2.5 నుంచి 3 మధ్య ఉంటది, నిమ్మరసానికి దగ్గర. చిక్కగా చేస్తే ఏ నీళ్ళల్లో వేసినా ఎరుపు నిలుస్తది, పలుచగా చేస్తే మాత్రం నీళ్ళ గుణం బయటపడతది. నల్గొండ జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్ళల్లో క్షారం ఎక్కువ, ఆ నీళ్ళల్లో నాలుగు ఎండు కప్పులు వేసి చూస్తే జెడ్డాలో వచ్చిన రక్తమెరుపు రాదు, మసకబారిన ఊదా రంగు వస్తది. ప్యాకెట్ కల్తీది అని దుకాణపోణ్ణి తిట్టేముందు ఒకసారి ఫిల్టర్ నీళ్ళతో చేసి చూడాలె.

నల్గొండ నీళ్ళు అంటే ఫ్లోరైడ్ ముచ్చట రాకుండా ఉండదు. మర్రిగూడ దిక్కు మనుషుల ఎముకలు వంకర్లు తిరగడం ఇప్పటి సంగతి కాదు, 1970ల్లో నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారు చేస్తే దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు పడ్డది. తాగే నీళ్ళల్లో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండాలె, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఓర్చుకోవచ్చు అని మన దేశ ప్రమాణం. ఇప్పుడు ఈ షర్బత్ మంచిదా కాదా అన్న వాదనలో ఫ్లోరైడ్‌ను రెండు దిక్కుల నుంచి లాగుతున్నరు. ఒక వాదన: చాయ్‌పత్తా చెట్టు నేలలో నుంచి ఫ్లోరైడ్‌ను గుంజుకుని ఆకులో దాచుకుంటది కాబట్టి నల్లచాయ్‌లో అది ఉంటది, పువ్వులు, మూలికలు నానబెట్టిన నీళ్ళల్లో చాలా తక్కువ. ఇది నిజమే. ఇంకో వాదన: పువ్వు మరిగించి తాగితే ఫ్లోరైడ్ పోతది. ఇది తప్పు, పైగా ఉల్టా.

లెక్క వేసి చూద్దాం. ఒక లీటరు బోరు నీళ్ళల్లో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకో. పువ్వులేసి బాగా మరిగించి సగానికి సగం ఇంకబెట్టినవు. ఆవిరైంది నీళ్ళే, ఫ్లోరైడ్ కాదు. ఇప్పుడు మిగిలిన అర లీటర్లో ఆ 3 మిల్లీగ్రాములు అట్లనే ఉన్నయి, అంటే లీటరుకు 6 లెక్క అయింది. సుడానీల లెక్క చల్ల నీళ్ళల్లో నానబెడితే కనీసం 3 దగ్గరే ఆగుతది. ఏదైనా సరే, గ్లాసులో ఫ్లోరైడ్ ఎంత అనేది పువ్వు మీద కాదు, ఏ నీళ్ళు పోసినవు అనే దాని మీద ఉంటది.

బీపీ తగ్గుతదా: పరీక్షల్లో ఏం తేలింది

అసలు జనాలు కొట్టుకునేది దీని దగ్గరే. తగ్గుతది అనేటోళ్ళ దగ్గర ఊరికే నమ్మకం కాదు, మనుషుల మీద చేసిన పరీక్షలు ఉన్నయి. అందులో ఎక్కువగా చెప్పేది 2010లో అచ్చైన అమెరికా టఫ్ట్స్ యూనివర్సిటీది. బీపీ కొంచెం ఎక్కువున్న, గోలీలు వాడని 65 మందిని తీసుకున్నరు, సుమారు సగం మందికి రోజుకు మూడు గ్లాసులు రోజెల్ నీళ్ళు, మిగిలినోళ్ళకు అదే వాసన వచ్చేటట్టు చేసిన ఉత్తుత్తి నీళ్ళు, ఆరు వారాలు. నిజందాన్ని తాగినోళ్ళకు పై బీపీ సగటున 7.2 తగ్గింది, ఉత్తుత్తిది తాగినోళ్ళకు 1.3 తగ్గింది. 2015లో ఇట్లాంటి ఐదు పరీక్షలను కలిపి లెక్కగట్టిన సమీక్షలో కూడా పై బీపీ ఏడున్నర దాకా తగ్గినట్టు తేలింది.

ఇటు సందేహపడేటోళ్ళ మాట కూడా తీసి పారేసేది కాదు. కోక్రేన్ అని వైద్య పరీక్షలను జల్లెడ పట్టే సంస్థ ఉంది, అది 2010లో ఒకసారి, 2021లో ఇంకోసారి ఈ ప్రశ్నను చూసి, గట్టిగా చెప్పేటంత ఆధారం లేదు అన్నది. అంటే పనిచేయదు అని కాదు, ఉన్న పరీక్షలు చిన్నవి, కొన్ని వారాలవి, వాటిని బట్టి బీపీ ఉన్నోళ్ళకు ఇది తాగండి అని చెప్పలేం అని. ఒక దిక్కు వాళ్ళు సంఖ్య చూస్తున్నరు, ఇంకో దిక్కు వాళ్ళు ఆ సంఖ్య ఎంత గట్టిది అని చూస్తున్నరు, అందుకే రెండు మాటలూ ఒకేసారి నిలబడతయి. నాకైతే కోక్రేన్ వాళ్ళ జాగ్రత్తే సబబు అనిపిస్తది, ఎందుకంటే బీపీ ఆరు వారాల రోగం కాదు.

టఫ్ట్స్ లెక్కనే ఒక మనిషికి వేసి చూడు. దేవరకొండలో ఒకాయనకు పై బీపీ 165 ఉంది. ఉత్తుత్తి నీళ్ళకు తగ్గిన 1.3 తీసేస్తే రోజెల్ వల్ల తగ్గింది సుమారు 6. అంటే 165 పోయి 159 అయితది. డాక్టర్ కావాలనేది 140 కిందికి. ఇంకా 19 మిగిలే ఉంది. పైగా ఆ పరీక్షలో తీసుకున్నోళ్ళ బీపీ 150 దాటలేదు, 165 ఉన్నాయనకు అదే తీరు పనిచేస్తదో లేదో ఆ పరీక్ష చెప్పనే లేదు. గోలీ బంద్ పెట్టొచ్చు అనే వీడియోకు, ఈ సంఖ్యకు మధ్య ఉన్న దూరం ఇది.

ఇంకో సంగతి, మోతాదు. ఆ పరీక్షలో ఒక్కో గ్లాసుకు, అంటే 240 మిల్లీలీటర్లకు, వేసింది 1.25 గ్రాములు మాత్రమే, రోజంతా కలిపితే 3.75 గ్రాములు. మనోళ్ళు గుప్పెడు గుప్పెడు వేస్తరు. లీటరు నీళ్ళకు 20 గ్రాములు వేసినవనుకో, ఒక్క 240 గ్లాసులో 4.8 గ్రాముల సారం పడ్డట్టు, అంటే ఒక్క గ్లాసే ఆ పరీక్షలో రోజు మొత్తం తాగినదాన్ని దాటింది. అట్ల మూడు గ్లాసులు తాగితే ఏమైతది అనేది ఆ పరీక్ష చూడలేదు.

ఈజిప్టోళ్ళు ఇంకో మాట చెప్తరు, చల్లగా తాగితే బీపీ తగ్గుతది, వేడిగా తాగితే పెరుగుతది అని. అక్కడ పెద్దోళ్ళందరూ నమ్ముతరు, మనోళ్ళు విని అట్లనే ఊరికి మోసుకొచ్చిండ్రు. దీనికి ఆధారమేం లేదు. టఫ్ట్స్ వాళ్ళు ఇచ్చింది మరిగే నీళ్ళల్లో నానబెట్టిందే, తగ్గిందే గాని పెరగలేదు.

ఎవరికి పడకపోవచ్చు

బీపీ నిజంగనే కొంచెం తగ్గించే గుణం ఉంటే, గోలీలు వేసుకునేటోళ్ళకు అది రెండో గోలీ లెక్క కలుస్తది, కండ్లు తిరగడం, లేచి నిలబడితే తూలడం ఉండొచ్చు. అందుకే డాక్టర్‌కు ఒక మాట చెప్పాలె అంటరు. మందులతో కలిసినప్పుడు ఇంకో చిక్కు: సుడాన్‌లో మలేరియా గోలీ క్లోరోక్విన్‌ను కర్కదేతో వేసుకుంటే ఒంట్లోకి తక్కువ చేరుతదని 1990ల్లోనే పరీక్షించి చూసిండ్రు. గోలీలు నీళ్ళతోనే వేసుకోవాలె అనేదానికి ఇదొక మంచి కారణం.

గర్భిణులకు వద్దు అనే మాట చాలా దేశాల్లో ఉంది. దానికి ఎక్కువగా ఎలుకల మీద చేసిన పరీక్షలే ఆధారం, మనుషుల మీద చేసినవి తక్కువ, అందుకే డాక్టర్లు జాగ్రత్త దిక్కే మొగ్గుతరు. పుంటికూర పప్పు తిన్నదానికి, రోజూ చిక్కటి కర్కదే తాగేదానికి ఇక్కడ పోలిక పెట్టొద్దు. పండ్ల (దంతాల) సంగతి కూడా ఉంది, ఇంత పులుపు రోజంతా చప్పరిస్తా కూర్చుంటే పండ్ల మీది గట్టి పొర అరుగుతది, ఒకేసారి తాగి నోరు పుక్కిలిస్తే ఆ బాధ తక్కువ.

చక్కెర లెక్కలోకి రాకుండా పోతది

ఈ షర్బత్ మందా కాదా అని కొట్టుకుంటూ గ్లాసులో కనబడకుండా కరిగిపోయినదాన్ని ఎవరూ లెక్కపెట్టరు. నిమ్మరసమంత పుల్లటి దాన్ని మనిషి ఉత్తగా తాగలేడు, అన్ని దేశాల్లో చక్కెర పడుతది, సెనెగల్‌లో, గల్ఫ్‌లో అయితే ఇంకా ఎక్కువ. పెద్ద గ్లాసుకు నాలుగు చెంచాల చక్కెర అనుకో, చెంచాకు 4 గ్రాములు, గ్లాసుకు 16. ఇఫ్తార్ దగ్గర మూడు గ్లాసులు అంటే 48 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పైనుంచి వేసుకునే చక్కెర మొత్తం తిండి శక్తిలో పది శాతం దాటొద్దు, ఐదు శాతం లోపు ఉంటే ఇంకా మంచిది అన్నది, ఆ ఐదు శాతం అంటే పెద్ద మనిషికి రోజుకు సుమారు 25 గ్రాములు. ఒక్క షర్బత్‌తోనే దానికి దాదాపు రెండింతలు అయిపోయింది, ఇంకా చాయ్ తాగలేదు, ఖజూరం తినలేదు. షుగర్ ఉన్నోళ్ళకు 'పువ్వు మంచిది' అని ఈ గ్లాసు చేతికిచ్చేటోళ్ళను చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. చక్కెర లేకుండా తాగితే ఆ లెక్క లేదు.

టీ అని రాయొద్దంటే దొరకకుండా పోతదా

2025 డిసెంబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే తిండి పదార్థాల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ, ఒక వివరణ ఇచ్చింది, చాయ్‌పత్తా చెట్టు, అంటే కమీలియా సైనెన్సిస్ నుంచి వచ్చినదాన్నే ప్యాకెట్ మీద టీ అని రాయాలె, మూలికలు, పువ్వులు నానబెట్టేవాటికి ఆ పేరు పెడితే తప్పుడు లేబుల్ కిందికి వస్తది అని. దీన్ని కొంతమంది హైబిస్కస్ టీ బ్యాన్ అయింది అని తిప్పిండ్రు. బ్యాన్ కాలేదు. అమ్మొచ్చు, తాగొచ్చు, పేరు మాత్రం మార్చుకోవాలె. చాయ్ తోటల వాళ్ళకు ఇది సంతోషం, చిన్న కంపెనీలకు లేబుళ్ళు మళ్ళీ అచ్చు వేయించే ఖర్చు. కొనేటోళ్ళకు మాత్రం అసలు కావలసింది ఇంకోటి, లోపల ఉన్నది సబ్డారిఫానా, మందారమా అని. ఉత్త 'హైబిస్కస్' అని రాసిన ప్యాకెట్ చూసి అది చెప్పలేం, వెనుక చిన్న అక్షరాల్లో చెట్టు పేరు వెతకాలె.

మన చెల్కల్లో పండించి అమ్మరెందుకు

ఇది చదివినంక చాలామందికి వచ్చే ప్రశ్న ఇదే, గల్ఫ్ నుంచి మోసుకురావడం ఎందుకు, మన చెల్కలో కంది సాళ్ళ మధ్య వేస్తే రాదా అని. వస్తది, ఎర్ర నేల, వాన మీద ఆధారపడ్డ సాగు, ఎక్కువ నీళ్ళు అడగదు, సుడాన్‌లో కోర్డోఫాన్ ఇసుక నేలల్లో పండించేది కూడా వాన మీదనే. 2023 ఏప్రిల్ 15న అక్కడ యుద్ధం మొదలైనంక కోర్డోఫాన్ నుంచి సరుకు రావడం కష్టమైంది, జెడ్డా దుకాణాల్లో సుడాన్ కర్కదే కోసం అడిగి మరీ కొనుక్కునేటోళ్ళు ఉన్నరు, కాబట్టి గిరాకీ లేదని కాదు.

ఆగేది కూలి లెక్క దగ్గర. పుంటికూర ఆకు నెల, నెలన్నరలో కోతకు వస్తది, కట్టలు కట్టి సంతకు తీసుకపోతే ఆ రోజే పైసలు చేతికొస్తయి, మళ్ళా చిగురు పెడతది, మళ్ళా కోయొచ్చు. కప్పు కావాలంటే జూన్‌లో వేసి డిసెంబర్ దాకా నేలను పట్టుకుని ఉండాలె. ఆకు కోసుకుంటూ పోతే చెట్టు కప్పు సరిగ్గా పెట్టదు, రెండూ ఒకే చెట్టు మీద ఆశపడటం కష్టం. కోసినంక ఒక్కొక్క కప్పులో నుంచి గింజకాయను చేత్తో తీయాలె, ఎండబెట్టేటప్పుడు మంచు తగిలితే బూజు పడతది, పది కిలోల పచ్చి కప్పులు ఎండితే కిలో అటూ ఇటూ మిగులుతది. సుడాన్‌లో, నైజీరియాలో ఈ పని ఎక్కువగా ఆడోళ్ళు చేత్తోనే చేస్తరు, వాళ్ళ కూలితో మన కూలి పోటీ పడాలె. అందుకే నల్గొండ రైతుబజార్లో పుంటికూర కట్టలు ఏడాది పొడుగునా కనబడతయి, ఎర్ర కప్పులు మాత్రం చలికాలంలో ఏ ముసలమ్మ బుట్టలోనో కొన్ని ఉంటయి, అవి కూడా తొక్కు కోసమే అడుగుతరు.